కింది మడి నలుపు

"ఆ బకెట్ తీసి ఎక్కడైనా కనపడకుండా పెట్టవే అమ్మాయ్. నలుగురూ వచ్చే వేళకి గుమ్మం పక్కన తొక్కల బకెట్టేమిటి? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?" అంది అత్తగారు.

కోడలు చేతిలో కత్తి కింద పెట్టి లేచింది. నీలం రంగు ప్లాస్టిక్ బకెట్ అది. ఎప్పుడో గోడలకు వేసే రంగు అందులో వచ్చింది. మూత పగిలిపోతే పాత పళ్ళెం ఒకటి బోర్లించి వాడుతోంది. పొద్దున్నుంచీ తరిగిన కూరల తొక్కలు, టీ పిప్పి, గుడ్ల పెంకులు, నిన్న మిగిలి పాడైన అన్నం, అన్నీ అందులోనే ఉన్నాయి. రెండు చేతులా ఎత్తి పెరట్లోకి తీసుకెళ్ళి నీళ్ళ తొట్టి వెనకాల దాచింది. దాచి, అక్కడే ఒక్క క్షణం నిలబడింది. వచ్చేది నలుగురు కాదు, నలభై మంది. వాళ్ళు వస్తున్నదే ఈ బకెట్ తొమ్మిదేళ్ళుగా చేసిన పని చూడటానికి. ఆ సంగతి అత్తగారికి తట్టలేదు. కోడలికి తట్టింది కానీ అనలేదు. మనసుకి తట్టినవన్నీ పైకి అంటూ పోతే కాపురాలు నిలబడవని పెళ్ళయిన కొత్తలోనే పుట్టింటివాళ్ళు చెప్పి పంపారు. చెప్పినవాళ్ళ కాపురాలు ఏ లక్షణంగా నిలబడ్డాయో ఆమె అప్పుడూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.

మళ్ళీ వచ్చి ఉల్లిపాయల ముందు కూర్చుంది. నలభై మందికి టీ, టిఫిను. ఆమె పనిచేసే కాలేజీ హాస్టల్లో ఇవాళ సెలవు పెట్టింది. సెలవంటే విశ్రాంతి అనుకునేరు. అక్కడ జీతానికి తరిగే కూరలు ఇక్కడ ఊరికే తరగడానికి పెట్టిన సెలవు అది.

ముందు గదిలో భర్త, ఆమె ఇస్త్రీ చేసిపెట్టిన చొక్కా తొడుక్కుని, అద్దం ఎదురుగా నిలబడి మాటలు వల్లె వేసుకుంటున్నాడు.

"మా పద్ధతిలో ముందుగా పచ్చి చెత్త ఒక వంతు, పొడి చెత్త మూడు వంతులు పొరలు పొరలుగా పేరుస్తామండీ. ఆ తర్వాత..." అక్కడ ఆగిపోయాడు. "ఏమోయ్, ఆ తర్వాతేమిటీ?" అని వంటింట్లోకి కేకేశాడు.

"పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలి," అంది ఆమె తలెత్తకుండా.

"ఆ, పదిహేను రోజులకోసారి తిరగేస్తామండీ," అన్నాడు అద్దంతో.

ఆమెకి నవ్వు రావాల్సింది. రాలేదు. నాలుగు రోజులుగా కింది మడిలో వరి వేళ్ళు ఊపిరాడక కుళ్ళిపోతుంటే ఇక్కడ ఈ మనిషి అద్దానికి పాఠం చెబుతున్నాడు.

కింది మడి అంటే, ఆ ఇంటికున్న రెండున్నర ఎకరాల్లో అన్నిటికన్నా పల్లాన ఉన్న అరెకరం. ఆమె కాపురానికి వచ్చేనాటికి దాన్ని ఇంటిల్లిపాదీ చచ్చిన మడి అనేవాళ్ళు. ఎండలు ముదిరితే పైన తెల్లగా ఉప్పు అట్టకట్టేది. తడిస్తే బంక, ఎండితే బండ, పార వేస్తే ఖణేల్ మని చప్పుడు. నాటిన వరి మోకాలెత్తు లేవకుండానే ఎర్రబడి ఆగిపోయేది. మామగారు ఉన్న రోజుల్లో ఒకసారి మట్టి పరీక్ష చేయిస్తే, అందులో కర్బనం పావు శాతమని కాగితం వచ్చింది. చెట్టూ చేమా, పేడా పెంటా కుళ్ళి మాగి మట్టిలో కలిసిపోయాక మిగిలే సారమే కర్బనమనీ, మట్టి నల్లబడేదీ తడి పట్టుకునేదీ దానివల్లేననీ ఆ కాగితం వెనకాల రాసి ఉంది. ఇంట్లో వెనక వైపు చదివింది ఆమె ఒక్కతే. మిగిలినవాళ్ళు ముందు వైపే చూసి, ఇంతే దీని బతుకు అని చూరులో దోపేశారు.

"ఆ మడికి ఏమీ చెయ్యలేమా?" అని అడిగింది భర్తని, పెళ్ళయిన ఏడాదికి.

అతను నవ్వాడు. "అంత ముచ్చటగా ఉంటే నువ్వే తీసుకో. ఆడుకో," అన్నాడు.

ఇచ్చినవాడికి అది వేళాకోళం. ఆమెకి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ వద్దని వదిలేసిన వస్తువు ఒకటి దొరికింది. అలా దొరికినవాటినే ఆడవాళ్ళు బాగుచేసుకుంటారు. బాగుపడ్డాక అవి ఎవరివవుతాయో ఆనాటికి ఆమెకింకా తెలియదు.

హాస్టల్ వంటశాలలో రోజూ రెండు వందల మందికి కూరలు తరిగితే ఎన్ని బకెట్ల తొక్కలు వస్తాయో తరిగినవాళ్ళనే అడగాలి. వెనక గోడ పక్కన పారబోస్తే కుక్కలు కెలికేవి. ఆమె రెండు బకెట్లు సైకిలు హ్యాండిలుకి చెరోపక్కా తగిలించుకుని ఇంటికి తేవడం మొదలుపెట్టింది. తూకం తప్పితే సైకిలు పక్కకి లాగేసేది. మొదటి వారంలో రెండుసార్లు పడింది. మోచేయి చెక్కుకుపోయిందనే బాధకన్నా రోడ్డు మీద చెల్లాచెదురైన తొక్కలు ఏరుకుంటుంటే పక్కనుంచి పోయేవాళ్ళు చూసిన చూపు ఎక్కువ నొప్పెట్టింది.

"ఇంట్లో తినడానికి లేదా ఏమిటమ్మా, తొక్కలు మోసుకుపోతున్నావు?" అంది వార్డెనమ్మ ఒకరోజు అందరూ ఉండగా.

"మాక్కాదండీ, మట్టికి," అంది ఆమె.

"మట్టి తింటుందా?" అని వార్డెనమ్మ పకపకా నవ్వితే, జీతాలు ఆవిడ చేతుల మీదుగా వచ్చే మనుషులంతా నవ్వారు. మట్టి తింటుంది. ఏం పెట్టినా తింటుంది. నమలడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి, అంతే. ఈ జవాబు ఆమెకు ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే తోచింది. జవాబులు ఎప్పుడూ గిన్నెల దగ్గరే తోస్తాయి. ఆనాటినుంచీ వంటశాలలో ఆమె పేరు తొక్కలావిడ. ఇంట్లో భర్త ఇంకో అడుగు ముందుకేసి "నీదో తొక్కలో పని" అనేవాడు. అన్న ప్రతిసారీ అప్పుడే కొత్తగా కనిపెట్టినట్టు తనే ముందు నవ్వేవాడు.

మొదటి ఏడాది ఆమె కూడా పొరపాటు చేసింది. తెచ్చిన తొక్కలు తెచ్చినట్టే, నీళ్ళు నిలబెట్టిన మడిలో ఓ మూల చాపంత మేర పోసి తొక్కేసింది. పది రోజులకి అక్కడ నీళ్ళలోంచి బుడగలు లేచాయి. కుళ్ళిన గుడ్ల కంపు. ఒక మొక్క పీకి చూస్తే వేళ్ళు నల్లగా, పట్టుకుంటే చేతిలో జారిపోయేలా ఉన్నాయి. అప్పుడర్థమైంది. నీళ్ళ కింద గాలి ఆడదు. గాలి ఆడని చోట పచ్చి చెత్త కుళ్ళుతుందే కానీ మాగదు, కుళ్ళుతూ కుళ్ళుతూ వేరు ఊపిరి కూడా లాగేసుకుంటుంది. మోచేతుల దాకా చేతులు బురదలో పెట్టి ఆ చెత్తంతా తీసి గట్టున పోసింది. "బుర్రుందా నీకు? పచ్చి చెత్త నీళ్ళలో ఎవరైనా పోస్తారా?" అని ఆ రోజు భర్త నలుగురికీ వినపడేలా అరిచాడు. అరిచినవాడు మర్చిపోయాడు. పడ్డ మనిషికి ఆ సౌకర్యం ఉండదు కాబట్టి ఆమెకి గుర్తుండిపోయింది.

ఆ తర్వాతనుంచీ గట్టు పక్కన కుప్ప వేసింది. పచ్చిది ఒక బకెట్ వేస్తే మీద ఎండుగడ్డి, రాలిన ఆకులు మూడు బకెట్లు. పదిహేను రోజులకోసారి పారతో కిందది పైకీ పైది కిందకీ. గుప్పెడు తీసి పిండితే చెయ్యి తడవాలి కానీ నీరు కారకూడదు. నాలుగో నెలకి కంపంతా పోయి తొలివాన పడ్డ నేల వాసన వస్తే అప్పుడు మాగినట్టు. దాన్ని నీళ్ళు పెట్టకముందు, పొడి నేల మీద చల్లి దున్నించాలి. రైసు మిల్లువాళ్ళు ఊరికే తగలబెట్టే ఊకని బస్తాల్లో తెచ్చి, గాలి తగలకుండా కప్పి కాల్చి, బూడిద కాకుండా బొగ్గయ్యేలా చేసి అదీ కలిపేది. వంటింటి క్యాలెండరు మీద కుప్ప తిరగేసిన రోజల్లా చిన్న గీత పెట్టేది. తొమ్మిది క్యాలెండర్లయ్యాయి. గీతలు లేని నెల పాప పుట్టిన నెల ఒక్కటే.

మట్టి ఒక్కసారిగా మారిపోలేదు. రెండేళ్ళు ఏమీ తెలియలేదు. మూడో ఏడు తెల్ల అట్ట సగమయింది. నాలుగో ఏడు వానపాములు వచ్చాయి, వాటిని చూసి గట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఎందుకేడుస్తున్నావని అడిగేవాళ్ళెవరూ దగ్గర లేకపోవడం మంచిదయింది. అడిగితే, వానపాములొచ్చాయని ఏం చెబుతుంది? ఆరో ఏడాదికి పార వేస్తే చప్పుడు లేకుండా దిగింది. కిందటేడు వరి నడుమెత్తు లేచి, పై మడులకన్నా ముందు వెన్ను వేసింది. సరిగ్గా ఆ ఏడాదే భర్త మొదటిసారి "మా కింది మడి" అన్నాడు.

అప్పుడు వచ్చింది ల్యాబ్ నుంచి మట్టి పరీక్షలు చేసే అమ్మాయి. మట్టి తీసుకెళ్ళింది, నెల తర్వాత కాగితం పట్టుకుని మళ్ళీ వచ్చింది. "కర్బనం పావు శాతం ఉన్న మడి ముప్పావు దాటిందండీ. మిషను తప్పేమోనని మూడుసార్లు చేశాను. ఏం వేశారు? ఎలా వేశారు?" అని గుక్కతిప్పుకోకుండా అడిగింది. కుర్చీలో కూర్చున్నది భర్త. ఆమె కిటికీకి ఇవతల, పొయ్యి దగ్గర. ఆ అమ్మాయి ఒక ప్రశ్న వెయ్యడం, భర్త కిటికీ వైపు తిరిగి "ఏమోయ్" అనడం, ఆమె చెప్పడం, అతను దానికి "మా పద్ధతిలో" అని తోక తగిలించి అటు అప్పగించడం. గంటసేపు అదే తంతు.

"అమ్మగారు కూడా చేస్తారా?" అంది ఆ అమ్మాయి చివర్లో, కిటికీలోకి తొంగిచూసి.

"ఆ, అప్పుడప్పుడూ. చేతిసాయం," అన్నాడు భర్త.

చేతిసాయం. టీ గ్లాసులు కడుగుతూ ఆమె తన చేతులు చూసుకుంది. గోళ్ళ కింద నలుపు తొమ్మిదేళ్ళుగా పోలేదు. ఆ మాటకి కోపం రావడానికి కూడా ఆమెకి రెండు రోజులు పట్టింది.

ఆ తర్వాత వ్యవసాయ శాఖ పెద్దాఫీసరు వచ్చాడు. మడి దగ్గర ఆకుపచ్చ బోర్డు పాతారు, దాని మీద భర్త పేరు తెల్ల అక్షరాల్లో. ఊరూరా తిరిగి రైతులకి నేర్పే శిక్షకుడిగా అతన్ని వేస్తామన్నారు. ముందుగా నలభై మంది రైతుల్ని తీసుకొచ్చి మడి చూపిస్తామన్నారు. ఆ రోజునుంచీ అతని నడక మారింది. బోర్డు చూసుకోవడానికి రోజుకి రెండుసార్లు పొలానికి వెళ్ళేవాడు. తొమ్మిదేళ్ళలో కలిపి అన్నిసార్లు వెళ్ళి ఉండడు.

ఒకనాడు అన్నాడు: "వచ్చే పరీక్షకి ఒక శాతం దాటించి చూపిస్తా. నువ్వు తొమ్మిదేళ్ళు బకెట్లతో తిప్పలు పడ్డది నేను మూడు ట్రాక్టర్లతో తేల్చేస్తా."

"మాగకుండా వేస్తే కుళ్ళుతుందండీ. మొదటి ఏడు చూశాం కదా," అంది ఆమె.

"నువ్వు చెప్పకు. పద్ధతి నాకు తెలుసు."

మూడు వారాల కిందట ఆమె హాస్టల్లో ఉన్న వేళ, కూరగాయల మార్కెట్ వెనకాల కుళ్ళుతున్న క్యాబేజీ ఆకులు, చితికిన టమాటాలు, అరటి బోదెలు మూడు ట్రాక్టర్లు తెప్పించి మడి నిండా పోయించాడు. ఆ సాయంత్రమే దున్నించి, మర్నాడు నీళ్ళు పెట్టి, మూడో రోజు నాట్లు వేయించేశాడు. ఆమె సైకిలు దిగి గట్టు మీద నిలబడి చూసింది. ఇంటికి వెళ్ళి అన్నం వండింది. ఆ పూట ఎందుకు వండాను, ఎందుకు గిన్నె తీసి నేలకేసి కొట్టలేదు అని తర్వాత ఎన్నోసార్లు తన మీద తనకే అసహ్యం వేసింది.

సోమవారం నాటికి మడి అంతా బుడగలు. ఆ చాపంత మూల ఇప్పుడు అరెకరమయింది. నారు పసుపురంగుకి తిరిగింది.

"ఏవండీ, ఇవాళే నీళ్ళు తీసేద్దాం," అంది పరిగెత్తుకొచ్చి. "పది రోజులు ఆరబెడితే నేల నెర్రెలిస్తుంది, లోపలికి గాలి పోతుంది, వేరు మళ్ళీ తెల్లగా వస్తుంది. సగమన్నా బతుకుతుంది."

"గురువారం ఫొటోలు తీసేవాళ్ళు వస్తుంటే నెర్రెలిచ్చిన మడి చూపించమంటావా? కాస్త యూరియా చల్లితే అదే పచ్చబడుతుంది. గురువారం దాటనీ, తర్వాత నీ ఇష్టం."

మంగళవారం పనికి పోతూ గట్టుకి గండి కొట్టి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పూడ్చేసి ఉంది. తడి మట్టి మీద అతని చెప్పుల అచ్చులు. "నా మడిలో నీళ్ళు వదలడానికి నువ్వెవరు?" అన్నాడు ఇంటికి రాగానే. ఆడుకోమన్న మడి నా మడి ఎప్పుడయిందో ఆమె అడగబోయింది. అడగకుండానే వెళ్ళి పొయ్యి వెలిగించింది.

బుధవారం అన్నాల దగ్గర అతను మెల్లగా మొదలుపెట్టాడు. "రేపు ఎవరైనా కంపేమిటని అడిగితే, నేనే తెలియక పచ్చి చెత్త పోయించానండీ అను. ఆడమనిషి, తెలియక చేసిందిలే అనుకుంటారు. అక్కడితో పోతుంది. నేను చేశానంటే శిక్షకుడిగా నా మాట ఎవడు వింటాడు?"

ఆమె చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసింది.

"ఒక్క మాట పడితే నీ ఒళ్ళేం అరిగిపోతుందే?" అంది అత్తగారు. "మేం పడలేదూ? మీ మామగారి చేతిలో పాడైన ప్రతిదీ నేనే పాడుచేశానని చెప్పుకున్నాను. ఏమయింది? బతకలేదూ?"

ఆవిడ ఆ మాట గొప్పగానే అంది. కానీ అంటూ అంటూ పళ్ళెంలోకి చూసింది, తలెత్తలేదు. ఆమెకు అత్తగారి మీద మొదటిసారి కోపంతోపాటు ఇంకేదో కూడా కలిగింది. నలభై ఏళ్ళు తనవి కాని తప్పులు మోసిన మనిషి, ఇప్పుడు ఆ బరువు దించుకునే వీలు దొరికి కోడలి నెత్తికి ఎత్తుతోంది. రేపు పాపకి తను కూడా ఇదే చెబుతుందా? ఒక్క మాట పడితే నీ ఒళ్ళేం అరిగిపోతుందని?

"పంట పోతే?" అంది ఆమె.

"పోతే పోయింది. పైమట్టి ఇటుకల బట్టీవాడికి ఇచ్చేస్తా. ఎప్పటినుంచో అడుగుతున్నాడు, జానెడు లోతు తీసుకుంటే చాలంటున్నాడు."

జానెడు. తొమ్మిదేళ్ళలో ఆమె ఎక్కించిన నలుపు సరిగ్గా జానెడు లోతు. దాని కింద మళ్ళీ ఆ పాత తెల్లమట్టే ఉంది. చెయ్యి కడుక్కుని లేచింది. సరేననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ ఇంట్లో ఏమీ అనకపోతే సరే అన్నట్టే లెక్క.

ఇక ఇప్పుడు గురువారం. నలభై మందీ టిఫిన్లు చేశారు, బాగున్నాయన్నారు, ఆ మాట భర్తతోనే అన్నారు. అందరూ పొలానికి నడిచారు. టీ కెటిలు, కాగితం కప్పుల పళ్ళెం పట్టుకుని ఆమె వెనకాల వెళ్ళింది. సోమవారమే చల్లిన యూరియాతో మడి పైకి కాస్త పచ్చగా కనిపిస్తోంది, జ్వరం మనిషికి పౌడరు రాసినట్టు. భర్త బోర్డు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఒకటికి మూడు అన్నాడు, పదిహేను రోజులు అన్నాడు, ఎక్కడా తడబడలేదు. ఫొటోలు తీశారు.

వచ్చినవాళ్ళలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన ఉపన్యాసం వినడం లేదు. చెప్పులు విప్పి, మడిలోకి దిగి నాలుగడుగులు వేశాడు. అడుగు పడ్డ చోటల్లా నీళ్ళు బుడబుడమన్నాయి, గుప్పుమని కంపు కొట్టింది. ముందు వరసలో ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకున్నారు. పెద్దాయన ఒక మొక్క పీకి, వేళ్ళు కడిగి పైకెత్తి చూపించాడు. నల్లటి వేళ్ళు.

"ఇదేమిటి బాబూ? వేరు చచ్చిపోయిందే?" అన్నాడు.

భర్త నవ్వేశాడు. ఆ నవ్వు ఆమెకు తెలుసు, చుట్టాల ముందు ఆమె వంట గురించి మాట్లాడేటప్పుడు నవ్వే నవ్వు. "ఏం చెప్పమంటారండీ! నేను ఊళ్ళో లేనప్పుడు మా ఆవిడ తొందరపడి పచ్చి చెత్త పోయించేసింది. చెబితే వింటారా వీళ్ళు?" అన్నాడు. నలభై మందిలో ముప్పై మంది నవ్వారు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా చెబితే విననివాళ్ళు ఉన్నారు కాబోలు.

పెద్దాఫీసరు ఆమె వైపు తిరిగాడు. "అవునా అమ్మా?"

ల్యాబ్ అమ్మాయి పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని చూస్తోంది. భర్త కళ్ళతోనే కానిమ్మన్నాడు. అవునండీ. అంతే, ఒక్క మాట. అంటే చాలు, అందరూ టీ తాగి వెళ్ళిపోతారు. ఇలాంటి అవునండీలు ఆమె ఎన్ని అనలేదు. పొంగిపోయిన పాలకి, దొరకని కాగితాలకి, ఇతను మర్చిపోయిన మామగారి మందులకి, అన్నిటికీ అంది. నోటికి అలవాటైన మాటే. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పెద్దాయన చేతిలో ఆ వేరు ఇంకా వేలాడుతోంది. దాన్నుంచి నల్లటి నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయి. అవునంటే ఆ పుస్తకంలో ఏం రాసుకుంటారో ఆమెకు కనిపించింది. ఫలానా మడి, ఆడమనిషి తెలియనితనం వల్ల పాడయింది. తొమ్మిదేళ్ళలో ఆమె గురించి ఎవరైనా రాసే ఒకే ఒక్క ముక్క అది.

"కాదండీ," అంది.

భర్త నవ్వు మొహం మీదే ఆగిపోయింది. "అదేమిటి, రాత్రి..."

"నేను ఈ తప్పు చెయ్యలేదని అనను. మొదటి ఏడు చేశాను," అంది ఆమె ఆఫీసరుతోనే. "అదిగో ఆ మూల, చాపంత మేర. బుడగలొచ్చాయి, వేళ్ళు కుళ్ళాయి, చేతులతో ఎత్తిపోశాను. అందుకే మళ్ళీ చెయ్యలేదు. ఈ మూడు ట్రాక్టర్ల చెత్త నేను పోయించలేదు. ఇదొక్కటి తప్ప, ఈ మడిలో తొమ్మిదేళ్ళుగా జరిగిందంతా నేనే చేశానండీ."

భర్త మళ్ళీ నవ్వబోయి, "చేతిసాయం చేస్తుంటుందండీ, అప్పుడప్పుడూ..." అన్నాడు.

ల్యాబ్ అమ్మాయి అతని వైపు చూసింది. "సరేనండీ. మరి ఇప్పుడేం చెయ్యాలి దీనికి? మీరు చెప్పండి."

"దీనికా..." అన్నాడతను. అని, అలవాటు కొద్దీ తల తిప్పాడు. "ఏమోయ్..."

అంటూనే నాలుక కరుచుకున్నాడు కానీ నలభై మందీ విన్నారు. అందరూ ఆమె వైపు చూశారు. ఇక్కడ కిటికీ లేదు. ఆమె అతనికి జవాబు అందించలేదు. పళ్ళెం, కెటిలు గట్టు మీద పెట్టింది. బోర్డు పాతినప్పుడు అక్కడే వదిలేసిన పార తీసుకుంది. పల్లం వైపు గట్టు దగ్గరికి నడిచి, మంగళవారం అతను పూడ్చిన చోటే, చెప్పుల అచ్చులు ఎండి గట్టిపడ్డ చోటే, పార వేసింది. మూడో వేటుకి మట్టి పెళ్ళ విరిగి నల్లనీళ్ళు కాలవలోకి దూకాయి. పెద్దాయన పక్కకి తప్పుకుని దారిచ్చాడు.

"ఏయ్! ఆగు! నీళ్ళన్నీ పోతాయి!" అన్నాడు భర్త.

"పోవాలి," అంది ఆమె.

సగం నారు బతకదని ఆమెకు తెలుసు. బోర్డు మీద పేరు ఇవాళే మారదనీ తెలుసు. ఇంటికెళ్ళాక ఏం జరగబోతోందో కూడా తెలుసు. ఇటుకల బట్టీవాడు వచ్చే రోజున ఈ గట్టు మీదే నిలబడాల్సి వస్తుంది, నిలబడుతుంది. కంపు మెల్లగా తగ్గుతోంది. "ఎన్నాళ్ళు ఆరబెట్టాలక్కా?" అంటూ ల్యాబ్ అమ్మాయి పుస్తకంలో కొత్త పేజీ తిప్పి గట్టు వెంబడి ఆమె దగ్గరికి వస్తోంది. వెనకాల పెద్దాయన, ఆయన వెనకాల మరో నలుగురు.

భర్త ఒక్కడే బోర్డు దగ్గర మిగిలాడు. "ఏమిటిది, వచ్చినవాళ్ళకి టీ అన్నా ఇవ్వకుండా!" అన్నాడు, అనడానికి ఇంకేమీ దొరక్క.

ఆమె రెండో గండి కోసం చోటు చూసుకుంటూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"నా చేతులు ఖాళీగా లేవు. మీరు పొయ్యండి."